పొట్టకు గేటెవరు పెడతారు?

సముద్రపు గాలి ఈలలు వేసుకుంటూ తిరిగే సరుగుడు తోపులో, ఎటు చూసినా ఇసుక తప్ప మరొకటి కనబడని నేల మీద, మేక నూకాలు కాపురం. పుట్టింది కొండ మీద, పెరిగింది కొండ మీద. మొగుడు పెంటయ్యకు గొర్రెల మందకు ముందు నడిచే ఉద్యోగం దొరికితే, అతని వెంట ఇంత దూరం దిగి వచ్చింది. ఉద్యోగం మంచిదే. గొర్రెలు ఎదురు మాట్లాడవు. పెంటయ్య గడ్డం ఊపుకుంటూ ముందు నడిస్తే, అవి తలలు వంచుకుని వెనక నడుస్తాయి. అంతే పని.

నూకాలు పేరెత్తితే మాత్రం తోపులో అందరికీ నవ్వే. మేక అన్నాక కంచె మీద ఆకు కనబడితే ఆగుతుందా? ఈవిడ ఆగుతుంది. "అయ్యా, ఈ ఆకు ఎవరిది? ఒక రెమ్మ కొరుక్కోవచ్చా?" అని లోపలికి కేకేస్తుంది. ఎవరూ పలక్కపోతే గట్టు మీది పిచ్చుకనైనా అడుగుతుంది. 'ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి' అని గొర్రెలు మూతులు తిప్పుకునేవి. నూకాలు పట్టించుకునేది కాదు. నలుగురూ తెలిసిన చోట ఒక తప్పు చేస్తే సర్దుకుపోతారు. తెలియని చోట పిల్లల్ని పెంచుకునేవాళ్లు అడిగి బతకాలి అనేది ఆమె లెక్క.

పిల్లలు ముగ్గురు. పెద్దవాడు మరిడి, నడిమిది పైడి, ఇంకా పాలు మానని బుడ్డది గవ్వ.

ఒకనాడు మరిడి ఇసుకలో గెంతి గెంతి, అలిసిపోయి వచ్చి అడిగాడు. "అమ్మా, నువ్వు చెబుతావే, బండ అని. అది ఇసుక కన్నా మెత్తగా ఉంటుందా?"

నూకాలు నమలడం ఆపేసింది.

బండ తెలియని మేకపిల్ల! నీళ్లు తెలియని చేపపిల్ల ఉంటుందా? వీడి ఈడుకి తాను రాయి మీంచి రాయి మీదికి దూకి కొండకొమ్మున నిలబడింది. వీళ్ల గిట్టలేమో ఇసుకలో అరగక ముల్లంగి దుంపల్లా పెరుగుతున్నాయి. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే కాళ్లు వంకర తిరుగుతాయి, తర్వాత బండ చూపించినా ఎక్కలేరు.

"వానలు పడేలోగా చూపిస్తాను నాయనా. నిజం బండ. నా మాట." అనేసింది. అన్నాక గాభరా పడింది. నూకాలు మాటిచ్చిందంటే ఇచ్చినట్టే మరి.

సరిగ్గా ఆ మర్నాడే కాకి తోపు మీదుగా అరుచుకుంటూ పోయింది. "జలకాల కోన! జలకాల కోన! నక్క చలమయ్య గారి వినోదవనం! జారుడు బండలు, తీగ ఉయ్యాలలు, తాబేలు పడవలు, ఏనుగు తొండం వాన! బస చేయడానికి చల్లని గుహలు! తలకు ఒక్కటంటే ఒక్కటే తుమ్మకాయ! పాలు తాగే పిల్లలకు ఊరికే!"

ఆ అడవి చుట్టుపట్ల తుమ్మకాయే రూపాయి. తినేవాళ్లకు తిండి, తినని వాళ్లకు చెల్లుబాటు. నూకాలు ఇంట్లో ఒక గంపెడు ఉన్నాయి. అవి వానాకాలానికి దాచినవి. ముసురు పట్టి మేక కాలు బయట పెట్టలేని రోజుల్లో పిల్లల నోట్లోకి పోయేవి అవే.

"తలకు ఒక్క కాయేనట వదినా, నిజమేనా?" అని నూకాలు పక్క పాకలోని గేదె గౌరమ్మను అడిగింది.

గౌరమ్మ తోకతో ఈగను కొట్టి నిట్టూర్చింది. "గేటు దగ్గర గోరంత, లోపల కొండంత. పోయినేడు వెళ్లి వచ్చాం కదా! బయటి తిండి లోపలికి తేకూడదంటారు. మధ్యాహ్నం అయ్యేసరికి మా దూడ ఆకలని ఏడుపు లంకించుకుంది. లోపల గుప్పెడు గడ్డికి గంపెడు కాయలు. ఏడ్చే బిడ్డను పక్కన పెట్టుకుని బేరమాడతామా? దాచుకున్నదంతా చలమయ్య గుహకు చేరింది. శ్రావణమాసమంతా పాకలో కూర్చుని పాత చాప కొరుక్కున్నాం."

"అయ్యో! మరి ఈ ఏడు మానేస్తున్నారా?"

"ఎక్కడ మానేది? దూడ ఊరుకుంటేగా! మళ్లీ వెళుతున్నాం. చాప కూడా మిగల్లేదు." అంది గౌరమ్మ నిబ్బరంగా.

నూకాలుకు రెండు రోజులు తిండి సహించలేదు. వెళితే గంప ఖాళీ, వెళ్లకపోతే మాట ఖాళీ. మూడో రోజు ప్రయాణం ఎలా సాగాలో ఒక్కొక్కటే పేనుకుంటూ వచ్చింది.

"సంత రోజున వెళదాం. అందరూ సంతకు పోతారు, అక్కడ తొక్కిడి తక్కువ ఉంటుంది. గుహలో బస వద్దు. కోన కింద మా మేనత్త తోటికోడలి చెల్లెలు ఉంటుంది, ముందు రోజు అక్కడ దిగుదాం."

పెంటయ్య కళ్లు తెరిచాడు. "ఇదేం చుట్టరికమే? వేలు విడిచి, చెయ్యి విడిచి, మనిషినే విడిచినట్టుంది."

"దూరపు చుట్టమైనా దారిలో ఉంటే దగ్గరి చుట్టమే. ఊరికే పోము, మన తీరం ఉప్పుగడ్డ ఒకటి పట్టుకెళదాం. కొండ మేకలకు ఉప్పంటే ప్రాణం."

"సరే. మరి తిండో?"

అక్కడే ముడి పడింది. నూకాలు మొగుడి మొహంలోకి చూస్తూ కూర్చుంది. పెంటయ్య మళ్లీ కళ్లు మూసుకుని, దవడలు ఆ పక్కకీ ఈ పక్కకీ ఆడిస్తూ హాయిగా నములుతున్నాడు.

"ఏం తింటున్నావు?" అంది అనుమానంగా.

"కొత్తగా ఏముంది, పొద్దున తిన్నదే!"

నూకాలు దిగ్గున లేచి నిలబడింది. ఆమె మొహంలో వెలుగు చూసి పెంటయ్య భయపడ్డాడు. పెళ్లాం మొహం అలా వెలిగిందంటే తనకేదో పని తగులుతుందని అతని అనుభవం.

సంత రోజు తెల్లవారింది. ముందు రోజు సాయంత్రమే చుట్టాలావిడ ఉప్పుగడ్డ అందుకుని, ఒకసారి నాకి, చుట్టరికం ఒప్పేసుకుంది. పొద్దు పొడవగానే నూకాలు పిల్లల్ని కొండ వాలులోకి తోలుకెళ్లింది. "ఈ మేత ఎవరిది పిన్నీ?" అని అడగడం మాత్రం మరవలేదు.

"ఎవరిదేమిటే పిచ్చిదానా, వానది!" అంది ఆవిడ.

"అయితే మేయండి!" నూకాలు పిల్లల వెంటపడింది. "రేగు కొమ్మ వదలకు మరిడీ! పైడీ, ఆ తుమ్మ చిగురు చూడు! నమలకండి, మింగేయండి! నమలడానికి బోలెడు పొద్దుంది!"

"రోజూ నమిలి తినమని ప్రాణం తీస్తావు, ఇవాళ మింగమని తీస్తున్నావు." అన్నాడు పెంటయ్య నిండు నోటితో.

పొట్టలు డప్పుల్లా బిగిశాక కోన వైపు నడక సాగించారు. నాలుగు అడుగులు వేసిందో లేదో, నూకాలు నిలబడిపోయింది.

"ఏమయ్యా, ఇది మోసం కాదు కదా?"

"మన పొట్ట, మన గడ్డి. మోసమేంటి?"

"బయటి తిండి లోపలికి తేకూడదన్నారు. మన పొట్టలో ఉన్నది బయటి తిండే కదా! లోపలికి తీసుకుపోయి తినడమే కదా మనం చేసేది!"

పెంటయ్యకు ముచ్చెమటలు పోశాయి. "నూకాలూ, నీకు దణ్ణం పెడతాను, అడక్కు. అడిగితే కాదంటాడు. పిల్లలు ఇంత దూరం నడిచి వచ్చారు. బండ గేటు బయటి నుంచి చూపించి తీసుకుపోదామా?"

మరిడి తల్లి మొహంలోకి చూశాడు. వాడి కళ్లు అప్పటికే కోన మీది నల్లటి రాళ్ల మీద ఉన్నాయి. నూకాలు గుండె కలుక్కుమంది. అయినా తల అడ్డంగా ఊపింది.

"అడక్కుండా తింటే నాకు లోపలికి దిగదు. ఇదేమో పైకి రావలసిన తిండి. అసలే రాదు."

గేటు దగ్గర కోతి సంచులు తడుముతోంది. అది అడక్కముందే నూకాలు, దారిలో తినడానికి తెచ్చిన ఆకుల కట్ట తీసి గట్టు మీద పెట్టేసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "కొమ్ముల సందున ఏమిటది?"

"ఏదీ?"

"రావి రెమ్మ."

"అది... అలంకారం."

"తియ్యి."

పెంటయ్య రెమ్మ తీసి కోతి చేతిలో పెట్టాడు. కోతి దాన్ని చెవిలో పెట్టుకుంది.

అప్పుడే చలమయ్య వచ్చాడు. మెడలో పూలదండ, నిగనిగలాడే మీసాలు, పంచదార పూసిన గొంతు. "రండి రండి! కొత్త వాళ్లలా ఉన్నారు. ముగ్గురు పిల్లలా! భలే!" అన్నాడు. పిల్లల్ని చూడగానే అతని కళ్లు మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్లి వచ్చాయి. పిల్లల ఆకలి ముందు ఏ తల్లి గంపా నిలవదని అతనికి బాగా తెలుసు.

నూకాలు మొదలుపెట్టింది. "అయ్యా, జారుడు బండ ఎన్నిసార్లయినా ఎక్కవచ్చా? మళ్లీ ఎక్కితే మళ్లీ కాయ అడుగుతారా?"

"ఎన్నిసార్లయినా తల్లీ."

"తాబేలు పడవకు వేరే ఇవ్వాలా? పాలు తాగే పిల్ల పడవెక్కితే దానికీ ఊరికేనా? మేక పెంటికలు వేస్తే జరిమానా ఉందా? ముందే చెబుతున్నాను, చిన్నది ఆపుకోలేదు."

వెనక వరుసలో దూడతో నిలబడ్డ గౌరమ్మ ముక్కు ఎగబీల్చింది. ఆమె వెనక జింకలు, దుప్పులు, ఒక ముసలి ఎద్దు. "ఏమిటమ్మా ఈ ఆరాలు, పెళ్లి సంబంధమా? కదలండి!" అని ఎవరో అరిచారు. చలమయ్య నవ్వు అంచులు కాస్త ఎండాయి.

"ఇంకొక్కటే అయ్యా. మా జాతికి ఒక అలవాటు ఉంది. పొద్దున పొట్టలో వేసుకున్నదాన్ని కూర్చున్న చోట మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నములుతాం. మీ బయటి తిండి నియమానికి అది అడ్డమేమోనని..."

పెంటయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

చలమయ్య పకపకా నవ్వాడు. అతనికి ఉన్నది ఒక్కటే పొట్ట. అందులోకి పోయింది వెనక్కి రావడం అతని వంశంలో లేదు. మేకలూ గేదెలూ దవడలాడిస్తుంటే ఏదో పళ్లు అరగదీసుకునే దురలవాటు అనుకునేవాడు. పైగా వరుస పెరిగిపోతోంది, ఎండ ఎక్కుతోంది, ఈ మేక వదిలేలా లేదు.

"ఓసి నీ భయం తగలెయ్య! పొట్టలో ఉన్నది నీ సొత్తు. నమిలితే నమలవమ్మా, పాడితే పాడుకోవమ్మా! పొట్టకు గేటెవరు పెడతారు?"

"కాస్త అందరికీ వినబడేలా అంటారా అయ్యా? తర్వాత నేను తప్పు విన్నానేమో అని నాకు బెంగగా ఉంటుంది."

"పొట్టలో ఉన్నది ఎవరిది వాళ్లదే!" అని చలమయ్య గొంతు చించుకుని అరిచాడు. "ఇక పదండి!"

నూకాలు నాలుగు తలలకు నాలుగు కాయలు లెక్కగా కోతి చేతిలో పెట్టి లోపలికి నడిచింది. పెంటయ్య కళ్లు తెరిచి చూస్తే, తాను గేటు లోపల ఉన్నాడు.

బండ ఎదురుగా ఉంది. నల్లగా, నున్నగా, ఎండకు వెచ్చబడి. మరిడి దాని మీద ఒక గిట్ట పెట్టి వెంటనే తీసేశాడు.

"అమ్మా, ఇది లోపలికి దిగడం లేదు!"

"అదే నాయనా బండంటే. నువ్వెంత తొక్కినా నిన్ను మింగదు. ఎక్కు."

"జారితే?"

నూకాలుకు తనే పడిపోతున్నట్టు అనిపించింది. 'వద్దులే, దిగు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మాత్రం గట్టిగా మింగేసింది. "నీ కాళ్లకు తెలుసు. నువ్వు మధ్యలో మాట్లాడకు." అంది.

మరిడి కాళ్లు కాస్త వణికాయి. తర్వాత, ఎవరో లోపలి నుంచి చెప్పినట్టు, గిట్టల అంచులు రాతి గరుకును పట్టుకున్నాయి. టక్, టక్, టక్. వాడు పైకెళ్లి నిలబడి, ఏం చేయాలో తెలియక, ఉన్నచోటే నాలుగు కాళ్లతో ఎగిరాడు. వాడి వెనక పైడి. దాని వెనక, ఎవరూ చూడకుండా, గవ్వ. నూకాలు కింద నిలబడి "జాగ్రత్త! జాగ్రత్త!" అని అరుస్తూనే ఉంది, కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. పెంటయ్య అప్పటికే జారుడు బండ మీంచి గడ్డం గాల్లో ఎగురుతుండగా నీళ్లలోకి దబ్బున పడ్డాడు.

మధ్యాహ్నమైంది. చలమయ్య వంటపందిరి కింద లేత గడ్డి, మునగ చిగుళ్లు కొండలా పోయించి, పక్కన ఖాళీ గంపలు పరిచి కూర్చున్నాడు. దూడలు, జింక పిల్లలు అప్పుడే గునుస్తున్నాయి. గౌరమ్మ తన కాయల మూట చూసుకుంటూ వరుసలో నిలబడింది. చలమయ్య మేకల కోసం మెడ సాచి చూశాడు. రాలేదు. ఇంకాసేపు చూశాడు. రాలేదు.

వెతుక్కుంటూ వెళితే, బండ నీడన కుటుంబమంతా కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. నాలుగు జతల దవడలు ఆ పక్కకీ ఈ పక్కకీ ఆడుతున్నాయి. గవ్వ తల్లి పొదుగు పక్కన తోక ఊపుకుంటోంది.

"ఏం తింటున్నారు?" అన్నాడు చలమయ్య.

"కొత్తగా ఏముందయ్యా, పొద్దున తిన్నదే!" అన్నాడు పెంటయ్య.

"నోరు తెరువు!"

తెరిచాడు. నోటి నిండా పచ్చగా ఉంది. చలమయ్య తోక నిక్కబొడుచుకుంది. "దొంగతిండి! బయటి తిండి! కోతీ, వీళ్లను ఎలా వదిలావురా? నా నియమం తప్పారు! కట్టండి జరిమానా, మీ దగ్గరున్న కాయలన్నీ కట్టండి!"

చుట్టూ గుంపు చేరింది. ఇంత అడిగీ ఎక్కడో ఏదో అడగడం మరిచానా అని నూకాలు మనసు గబగబా వెనక్కి వెళ్లి వెతుక్కుంది. మరవలేదు. లేచి నిలబడింది.

"అయ్యా, నేను గేటు దగ్గర అడిగాను. పొట్టలో వేసుకున్నదాన్ని నోట్లోకి తెచ్చుకుని నమలవచ్చా అని. మీరు నమలమన్నారు."

"నేను... నేనెక్కడన్నాను?"

"అన్నావు." గుంపులోంచి గౌరమ్మ ముందుకు వచ్చింది. "నా చెవులు గిళ్లుమనేలా అన్నావు. పొట్టలో ఉన్నది ఎవరిది వాళ్లదే అన్నావు. ఈవిడ రెండోసారి కూడా అరిపించింది. నాకు అప్పుడు ఒళ్లు మండింది గానీ..." అంటూ హఠాత్తుగా ఆగిపోయింది. దవడ కిందికి జారింది. "ఓరి నాయనో! నేనూ పొద్దున మేసే వచ్చాను కదా!"

గౌరమ్మ ఉన్నచోటే కూలబడింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. దవడలు కదిలాయి. "ఉంది! లోపల బోలెడుంది! బుజ్జీ, ఇలా రా, నువ్వు తిన్న మేత ఎక్కడికి పోయిందే? పైకి లాగు!"

వరుసలో జింకలు ఒకరి మొహాలొకరు చూసుకున్నాయి. "మనకీ అదే పొట్ట కదూ!" పిల్లల ఏడుపు, నక్క పెట్టే కంగారు చూసి గడ్డి కొనడానికి పరుగెత్తారే గానీ, సొంత పొట్టలో ఏముందో ఎవరికీ గుర్తు రాలేదు. ముందు జింకలు కూర్చున్నాయి. తర్వాత దుప్పులు. ముసలి ఎద్దు అందరికన్నా నింపాదిగా కూర్చుని, "నేనైతే ఇందాకటి నుంచీ నములుతూనే ఉన్నాను. ఎవరూ అడగలేదు." అంది. కాసేపట్లో కోనంతా ఒకటే చప్పుడు, కరకర, కరకర.

"నెమరు వేయరాదు! ఈ క్షణం నుంచి కొత్త నియమం!" అని చలమయ్య గెంతాడు.

"మాటిచ్చిన నోటి తడి ఆరనీ ముందు," అంది గౌరమ్మ నమలడం ఆపకుండా. "మార్చావా, మా కాయలు మాకిచ్చెయ్. అందరం ఇప్పుడే పోతాం. జారుడు బండ నువ్వే ఎక్కి నువ్వే జారుకో."

చలమయ్య ఖాళీ గంప ఒకటి బోర్లించి దాని మీద కూలబడ్డాడు. సాయంత్రానికి మునగ చిగుళ్లు వడలి తలలు వేలాడేశాయి. అతను వాటిని వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. నక్కకు ఆకులెందుకు, తగలేసుకోవడానికా?

వెళ్లే వేళకు నూకాలు అతని దగ్గరికి వచ్చింది. "అయ్యా, ఈ ఆకులు పారేస్తారా? మా పిన్నికి పట్టుకెళ్లవచ్చా?"

"తీసుకుపో తల్లీ. ఊరికే తీసుకుపో. నీకో నమస్కారం."

"ఊరికే వద్దయ్యా. వడలిన ఆకుకు వడలిన ధర." అంటూ ఒక తుమ్మకాయ అతని ముందు పెట్టింది. ఆ రోజు పందిరి కింద అతనికి దక్కింది ఆ కాయ ఒక్కటే. దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. నూకాలు వెళ్లబోయి వెనక్కి తిరిగింది. "ఒక్క మాటయ్యా. వచ్చే ఏడు వస్తే..."

చలమయ్య రెండు చెవులూ మూసుకుని గుహలోకి పరుగెత్తాడు. "ఏమైనా ఇవాళ మనం నక్క తోక తొక్కి వచ్చామే!" అన్నాడు పెంటయ్య.

వానలు పట్టాయి. సరుగుడు తోపు మీద ముసురు దిగింది. గొర్రెలు తలలు వంచుకుని మూలకు చేరాయి. నూకాలు పాకలో తుమ్మకాయల గంప నిండుగానే ఉంది. కోన నుంచి తెచ్చుకున్న రాయి ఒకటి, చలమయ్యను గుహ బయటి నుంచి కేకేసి, చుట్టాలావిడనూ అడిగి మరీ తెచ్చుకున్నది, గుమ్మంలో ఉంది. దాని మీద పిల్లల గిట్టలు వంతులవారీగా టకటకలాడుతుంటే, గౌరమ్మ పక్క పాకలోంచి "ఆ చప్పుడాపించు వదినా, పడుకోవాలి!" అని కేకేస్తోంది.

ముందు అడగడానికి సిగ్గుపడని వాళ్లకు, తర్వాత తల దించుకునే పనిలేదు.